చైతుర్గఢ్ గిరిదుర్గము

ఛత్తీస్‌గఢ్ అను పేరునకు ముప్పదియాఱు కోటలని అర్థము చెప్పుదురు. శివనాథ నదికి ఉత్తరమున రతన్‌పూర్ ఏలుబడిలో పదునెనిమిదియు, దక్షిణమున రాయపూర్ ఏలుబడిలో పదునెనిమిదియు గఢములు ఉండెడివని సంప్రదాయము. వానిలో అనేకము పరగణాలవంటి పాలనా విభాగములే గాని, పేరు వినగానే మన కన్నులకు గట్టు రాతికోటలు కావు. నిజముగా కోట యనదగినదానిని చూడగోరువారు కోర్బా జిల్లాలోని చైతుర్గఢ్ కొండ నెక్కవలెను. లాఫాగఢ్ అనియు దీనికి నామాంతరము కలదు.

పాలి పట్టణమునకు ఉత్తరముగా సుమారు 25 కిలోమీటర్ల దూరమున, 3060 అడుగుల యెత్తున నున్న ఈ దుర్గమును కలచురి రాజగు మొదటి పృథ్వీదేవుడు కట్టించెనని ప్రతీతి. అతని ఆమోదా తామ్రశాసనము క్రీ. శ. 1079 నాటిది. కట్టించెననుటకంటె, ప్రకృతి కట్టిన కోటను అతడు పూర్తిచేసెననుట సమంజసము. నిట్టనిలువు కొండచరియలే చాలవఱకు ప్రాకారములు. అవి చాలని చోట్లనే గోడలు లేచినవి. మేనక, హుంకార, సింహద్వారము లను మూడు వాకిళ్లు కలవు. పైన విశాలమైన మైదానము, అందు ఏడాది పొడవునను నీరు నిలుచు చెఱువులు. ముట్టడిలో దుర్గమును కాపాడునది గోడకంటె నీరే. కొండవీడు, గుత్తి దుర్గముల నెఱిగిన తెలుగువారికి ఈ మాట వేఱుగా చెప్పనక్కఱలేదు. నాగరశైలి ఆలయమున పండ్రెండు చేతుల మహిషాసురమర్దిని కొలువైయున్నది.

పృథ్వీదేవుని కుమారుడు మొదటి జాజల్లదేవుడు. అతని 1114 నాటి రతన్‌పూర్ శాసనమున, ఏటేట కప్పము చెల్లించిన మండలాధిపతుల వరుసలో ఆంధ్ర ఖిమిడి యను పేరు కానవచ్చును. ఖిమిడి యనగా పర్లాకిమిడి ప్రాంతము. దీనినిబట్టి ఆంధ్రదేశమెల్ల కలచురులకు లొంగెనని భావింపరాదు. నాడు వేంగి కులోత్తుంగుని ఏలుబడిలో నుండెను. శాసనకవులు తమ ప్రభువుల విజయములను తక్కువచేసి చెప్పు అలవాటు గలవారు కారు! అయినను విజయనగరం–రాయపూర్ రైలుమార్గము 1931లో పూర్తియగుటకు ఎనిమిది వందల యేండ్లకు ముందే ఈ రెండు సీమలు ఒకదానినొకటి ఎఱుగునని ఆ పంక్తి సాక్ష్యమిచ్చుచున్నది.

ఆ శాసనశిల నాగపూర్ మ్యూజియమునకు తరలిపోయినది. చైతుర్గఢ్ వాకిళ్లు మాత్రము ఎక్కడివక్కడనే యున్నవి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోనున్న కట్టడములలో ఇదియొకటి. నవరాత్రులలో అమ్మవారి దర్శనమునకు కొండయెక్కువారు ఆ వాకిళ్లకడ కొంచెము నిలిచి చూడవలెను. వానిపై పేర్లు చెక్కుట 1958 నాటి చట్టము ననుసరించి శిక్షార్హమని పిల్లలకు చెప్పుటయు పెద్దల పనియే.