ఇందూరు, బోధనుల పురపాలనము

కోటలును యుద్ధములును మాత్రమే చరిత్ర కాదు. త్రాగునీరు, మురుగుకాలువ, వీధిదీపము, వీని వృత్తాంతమును చరిత్రయే యని మా యభిప్రాయము.

అశ్మకుల రాజధాని పోదనమే నేటి బోధనని పలువురు పండితుల మతము. మంజీరపై 1923లో ఆరంభమైన నిజాంసాగరము 1931 నాటికి పూర్తియయ్యెను. ఆ నీట చెఱకు పెరిగెను. 1937లో చక్కెర కర్మాగారము స్థాపితము కాగా, దానిని ఆశ్రయించి శక్కర్‌నగరము వెలసెను. 2015 డిసెంబరులో కర్మాగారము మూతపడెను. యజమాని దయవలన కలిగిన సౌకర్యము యజమానితోడనే పోవును. పౌరులు హక్కుగా పొందినది నిలుచును.

ఆ హక్కునకు ఆధారము 1993లో అమలైన 74వ రాజ్యాంగ సవరణము. నీరు, రోడ్లు, అగ్నిమాపకము, వీధిదీపములు మొదలగు 18 విషయములను అది పురపాలక సంఘముల కప్పగింపదగినవిగా పేర్కొనెను. స్త్రీలకు మూడవవంతుకు తగ్గని స్థానముల నొసగెను. పూర్వము ఇందూరనబడిన నిజామాబాదు 2005లో నగరపాలక సంస్థ యయ్యెను.

కాని సభ్యురాలు మౌనముగా కూర్చుండ, ఆమె భర్త పలుకుచో ఆ స్థానమెవరిది? బిందె మోసిన గృహిణికంటె నీటి కష్టము నెరిగినవారెవరు? చదువరులారా! ఆమెను మాటాడనిండు. సంస్కరణము మన యింటి గడపయొద్దనే ఆరంభము కావలయును.