ఆటబొమ్మలో సీసం

చేతికి అందిన ప్రతి వస్తువునూ నోట పెట్టుకొని చూడడం పసిబిడ్డల స్వభావం. లోకాన్ని వారు తెలుసుకొనే మొదటి మార్గం అదే. ఈ సంగతి తల్లులకు అనాదిగా తెలుసు; బొమ్మలకు రంగులు వేసి అమ్మే వర్తకులకూ తెలుసు. అయినా ఆ రంగులో ఏమున్నదని అడగడానికి లోకానికి చాలాకాలం పట్టినది. సమాధానం తెలిసిన పిమ్మట చట్టం చేయడానికి అంతకంటె ఎక్కువ కాలం పట్టినది. ఆ ఆలస్యపు చరిత్రే నేటి మన ప్రసంగ విషయం.

సీసం మెత్తని లోహం. చౌకగా దొరకుతుంది, సులభంగా కరుగుతుంది. దాని నుండి తీసిన తెల్లని సఫేదా, ఎఱ్ఱని సిందూరం, పసుపుపచ్చని క్రోమేటు శతాబ్దాల తరబడి, దశాబ్దాల తరబడి చిత్రకారులకూ, ఇండ్లకు రంగులు వేసేవారికీ ఉపయోగపడినవి. సీసపు రంగు చెక్కను చక్కగా కప్పుతుంది, ఎండవానలకు తట్టుకొంటుంది, కంటికి నిగనిగలాడుతూ కనిపిస్తుంది. పైగా సీసపు లవణాలకు ఒక విధమైన తీపి ఉన్నది. బిడ్డకు ఇంతకంటె ప్రమాదకరమైన గుణం వేరొకటి లేదు.

శరీరానికి సీసంతో ఏ పనీ లేదు. కాని దేహం దానిని కాల్షియం అని భ్రమపడి లోనికి రానిచ్చి ఎముకలలో దాచుకొంటుంది. కడుపులోనికి పోయిన సీసంలో పెద్దవారికి ఒంటబట్టే పాలుకంటె పసివారికి నాలుగైదు రెట్లు అధికంగా ఒంటబడుతుంది. అప్పుడప్పుడే పెరుగుతున్న మెదడును అది దెబ్బతీస్తుంది. ఇంతవరకు అయితే హాని లేదు అని చెప్పదగిన మోతాదు ఏదీ కనుగొనబడలేదు.

ఈ సత్యం మొదట బయటపడినది ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరంలో. 1892లో అక్కడి వైద్యులు కొందరు బిడ్డలలో సీసపు విషలక్షణాలు గుర్తించినారు. కడుపునొప్పి, కాళ్లుచేతులు పట్టుదప్పడం, చూపు మందగించడం కనిపించినవి గాని విషం ఎక్కడినుండి వస్తున్నదో తెలియలేదు. లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటివైద్యుడు వెదకి వెదకి 1904లో కారణం ప్రకటించినాడు. అక్కడివి కొయ్య ఇండ్లు. ముందు వరండాలు, వాటికి రంగువేసిన కటకటాలు. ఎండ తీవ్రతకు రంగు పొడిపొడిగా రాలుతుంది. ఆ పొడి ఆడుకొనే బిడ్డల వేళ్లకు అంటుతుంది. వేళ్లు నోటికి పోతాయి. అంతకు మించిన రహస్యం ఏమీ లేదు. అయినప్పటికీ క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో బిడ్డలకు అందే చోట్ల సీసపు రంగులను కట్టడి చేసే చట్టం 1922లో గాని రాలేదు.

దానికి ముందటి సంవత్సరం, 1921లో, జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ భవనాల లోపలి భాగాలకు తెల్లసీసపు రంగు వాడకాన్ని నిషేధించే ఒడంబడిక చేసినది. అది రంగులు వేసే కార్మికుల రక్షణకు ఉద్దేశించినది. ఆ రంగుగోడల నడుమ పెరిగే బిడ్డల ఊసు అందులో లేదు.

అమెరికా చరిత్ర ఇంకా విచారకరం. బాల్టిమోరులో అయిదేండ్ల బాలుడు తన మంచపు కటకటాల తెల్లరంగును కొరికి తిని సీసపు విషానికి గురియైన ఉదంతాన్ని 1914లోనే అక్కడి వైద్యులు ప్రచురించినారు. ఇండ్ల రంగులలోను, బొమ్మలలోను సీసాన్ని ఆ దేశ ప్రభుత్వం కట్టడి చేసినది 1978లో. మధ్య గడచినవి 64 సంవత్సరాలు. మరుసటి ఏడు, 1979లో, హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే వైద్యుడు బడిపిల్లలకు ఊడిన పాలపండ్లను సేకరించి వాటిలోని సీసాన్ని కొలిచిన ఫలితాలను ప్రకటించినాడు. పైకి ఏ జబ్బూ కనిపించని పిల్లలలో సైతం, సీసం ఎక్కువగా ఉన్నవారు తెలివితేటల పరీక్షలలోను, శ్రద్ధలోను వెనుకబడినట్లు తేలినది. రోగం కనిపించనంత మాత్రాన హాని లేదనుకొన్నవారికి అది సమాధానం.

ఇంతలో బొమ్మలు తయారయ్యే చోటు మారినది. ధనిక దేశాల కంపెనీలు తమ సరుకును చైనాలో చేయించి ఓడలలో తెప్పించుకోసాగినవి. చట్టం ఒక దేశంలో, కార్ఖానా మరొక దేశంలో, రంగుపొడి అమ్మేవాడు మూడవచోట. 2006లో అమెరికాలోని మినియాపొలిస్‌లో నాలుగేండ్ల బాలుడు ఒక చిన్న లోహపు బిళ్లను మ్రింగి మరణించినాడు. బూట్ల జతతోపాటు ఉచితంగా ఇచ్చిన గొలుసుకు వ్రేలాడే బిళ్ల అది; దాదాపు పూర్తిగా సీసమే. మరుసటి ఏడు జూన్‌లో సుమారు 15 లక్షల కొయ్య రైలుబొమ్మలను, ఆగస్టులో ప్రసిద్ధమైన మరొక కంపెనీ అమెరికాలో అమ్మిన 9 లక్షల 67 వేల బొమ్మలను వెనుకకు పిలువవలసి వచ్చినది. వాటి రంగులో సీసం ఉన్నది. 2008లో ఆ దేశం కొత్త చట్టం చేసి, రంగులో సీసం పరిమితిని పదిలక్షల పాళ్లలో 600 నుండి 90కి తగ్గించినది. పిల్లల వస్తువులను అమ్మకానికి ముందే పరీక్షించాలన్నది.

మన దేశం 2009 జనవరిలో చైనా బొమ్మల దిగుమతిని నిషేధించి, కొద్ది వారాలకే పరీక్షా పత్రాలున్న వాటికి సడలించినది. ఇండ్ల రంగులలో సీసం పదిలక్షల పాళ్లలో 90కి మించరాదన్న నియమాలు 2016లో వెలువడి, 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినవి. 2021 జనవరి నుండి బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయినది. భౌగోళిక గుర్తింపు పొందిన హస్తకళా వస్తువులకు దానినుండి మినహాయింపు ఇచ్చినారు. మన ఏటికొప్పాక లక్కబొమ్మలకు ఆ గుర్తింపు ఉన్నది. అక్కడ సి.వి. రాజు గారు అంకుడు కఱ్ఱ బొమ్మలకు మొక్కల నుండి తీసిన రంగులను మరల వాడుకలోనికి తెచ్చినారు. చౌకరకపు రంగుపొడి లేకుండానే బొమ్మ మెరయగలదని ఆ పనివారు చూపినారు.

సీసానికి రంగులో వాసన లేదు, కంటికి ఆనవాలు లేదు. ఎంత జాగ్రత్తగల తల్లియైనా బొమ్మను చేతబట్టి దాని సంగతి చెప్పలేదు. కాబట్టి గృహిణులు చేయగలిగినది కొంతే: ఐ.ఎస్.ఐ. గుర్తు చూచి కొనడం, రంగు పెచ్చులూడే పాత బొమ్మలను తొలగించడం, భోజనానికి ముందు బిడ్డల చేతులు కడగడం. మిగిలిన భారం పరీక్షించే అధికారులది, సరుకు తెప్పించే వర్తకులది. 1904లో ఒక వైద్యుడు చెప్పిన మాట చట్టాలకు ఎక్కడానికి ఇన్ని దశాబ్దాలు పట్టినది. ఆ చట్టాలు అంగడి బల్లదాకా చేరడానికి మరల అంత జాప్యం జరగరాదు.