బడి భోజనంలో పండు

బడిలో వండిన అన్నమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2003 జనవరిలో మన ఉమ్మడి రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం మొదలైంది. చాలా ఊళ్లలో గరిటె పట్టింది మన డ్వాక్రా అక్కచెల్లెళ్లే.

అప్పట్నుంచి పండు మాత్రం వెనకబడే ఉంది. ప్రాథమిక బడి పిల్లలకు రోజుకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50 అని లెక్క వచ్చింది. పండుకు లెక్కే లేదు. గుడ్డు తినని పిల్లలకు బదులుగా అరటిపండు ఇచ్చారంతే.

లెక్కలో లేనిదానికి బిల్లు రాదు, చేతి డబ్బుతో మనం కొనలేం. కానీ పెంచగలం. బొప్పాయి ఏడాది తిరిగేసరికి కాపుకొస్తుంది, కంటికి మంచిది. జామలో సి విటమిన్ నిమ్మకన్నా ఎక్కువ. బియ్యం కడిగిన నీళ్లు, పిల్లలు చేతులు కడిగిన నీళ్లు ఆ మొక్కలకు మళ్లిద్దాం. ఈ వానాకాలం మనం వండే ప్రతి బడిలో రెండేసి మొక్కలైనా నాటుదాం.