పూలకొండ మీద నీళ్ల కథ

“కొండ కాదమ్మా, పైన బల్లపరుపుగానే ఉంటుంది. మేడ మీద పచార్లు చేసినట్టే!” అని నమ్మబలికింది మా అమ్మాయి. మోకాళ్ల నొప్పుల్ని అటకెక్కించి, చీరె మీద స్వెట్టరూ, కాళ్లకి దాని పాత బూట్లూ తొడుక్కుని బయల్దేరాను. అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ నుంచి తూర్పుగా గంటకు పైగా ప్రయాణం చేస్తే కొలంబియా నది ఒడ్డున రోవీనా పీఠభూమి వస్తుంది. 1967 నుంచి 1975 దాకా గవర్నరుగా చేసిన టామ్ మెక్కాల్ పేరు పెట్టి, దాన్ని పూలవనంగా కాపాడుతున్నారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. అంత పసుపూ, అంత ఊదా ఒక్కచోట నేనెన్నడూ చూడలేదు. పొద్దుతిరుగుడుకి చెల్లెల్లాంటి బాల్సమ్‌రూట్, చిక్కుడు జాతికి చెందిన లుపిన్. ఏప్రిల్, మే నెలల్లో రెండూ కలిసి పేరంటానికొచ్చినట్టు కొండంతా పరుచుకుంటాయి. గాలి మాత్రం చెంగు నిలవనివ్వదు. అంచున నిలబడితే కింద ఎక్కడో నది, దాని పక్కన బొమ్మరైలులా కదిలే గూడ్సు బండి.

ఈ బల్లపరుపు నేలని తోమి పెట్టింది వరదేనట! కోటిన్నర ఏళ్ల కిందట పారిన లావా గడ్డకట్టి నల్లరాయి అయింది. సుమారు 15 వేల ఏళ్ల కిందట, మంచు కట్టడం వెనక నిలిచిన పెద్ద సరస్సు పదే పదే తెగి, ఆ రాతి తల మీదుగా పొర్లిపోయింది. ఈ మాట 1923లో మొదట చెప్పినవాడు బ్రెట్జ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు. అంతకు ముందు ఆయన బడిపంతులు. పెద్దలెవరూ నమ్మలేదు. 1927లో వాషింగ్టన్‌కి పిలిచి మరీ తప్పు పట్టారు. ఆయన మాట నెగ్గడానికి దశాబ్దాలు పట్టింది. చివరికి 1979లో, 96వ ఏట, పెన్రోజ్ పతకం ఇచ్చారు. నిజం చెప్పినవాళ్లకి ముందుగా దీర్ఘాయుష్షు ఉండాలి కాబోలు!

ఆ పూలు చూసి మనం ఫొటోలు తీసుకుంటాం. ఇక్కడి ఆదివాసి స్త్రీలకు మాత్రం ఈ కొండలు వంటింటి అలమారాలు. వసంతం రాగానే కర్రలతో దుంపలు తవ్వి, తొక్క తీసి, ఎండబెట్టి, దంచి అప్పాల్లా చేసి దాచుకునేవారు. నదిలో మగవాళ్లు పట్టిన సాల్మన్ చేపల్ని ఎండబెట్టి, పొడికొట్టి బుట్టల్లో కూరేవారు. అలా చేస్తే ఏళ్ల తరబడి పాడవదని 1805లో ఇటుగా వచ్చిన క్లార్క్ తన డైరీలో రాసుకున్నాడు. మన ఆవకాయ జాడీలు గుర్తొచ్చాయి నాకు.

ఆ చేపల రేవు పేరు సెలైలో జలపాతం. రోవీనాకి తూర్పున ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. వేల ఏళ్లుగా చుట్టుపక్కల జాతులన్నీ చేపలకీ, బేరాలకీ, పెళ్లి సంబంధాలకీ అక్కడే కలిసేవి. 1957 మార్చి 10న డాల్స్ ఆనకట్ట తలుపులు మూశారు. కొన్ని గంటల్లో జలపాతం హోరు ఆగిపోయింది. ఒడ్డున నిలబడి ఏడ్చినవాళ్లు ఏడ్చారు. నాలుగు జాతులకి కలిపి సుమారు 2 కోట్ల 70 లక్షల డాలర్లు పరిహారమిచ్చారు. డబ్బు వచ్చింది కానీ, హోరు మళ్లీ వినబడలేదు.

మా అమ్మాయి ఇదంతా చెబుతూంటే నేను పూల మధ్య ఓ రాయి మీద కూలబడ్డాను. “ఆయాసమా అమ్మా?” అంది కంగారుగా. ఆయాసం కాదు. 1981లో శ్రీశైలం నీళ్లలో మునిగిన ఊళ్లలో మా అమ్మమ్మగారి ఊరొకటి. నాకప్పుడు పన్నెండేళ్లు. వాకిట్లో రోలు బండిలోకి ఎక్కక వదిలేస్తే, అమ్మమ్మ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి మరీ వచ్చింది. ఆ నీళ్లు పొలాలకి పారాయి, ఆ కరెంటుతోనే నేను చదువుకున్నాను. కాదనను. అయినా, ప్రతి ఎండాకాలం మా అమ్మ నోట ఒకటే ప్రశ్న: “నీళ్లు తగ్గాయిటే?” తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. జనం వెళ్లి దణ్ణం పెట్టుకొస్తారు.

సెలైలోకి ఆ భాగ్యం కూడా లేదు. అయితే 2008లో నీటి అడుగున ధ్వని తరంగాలతో వెతికితే, ఆ రాళ్లు చెక్కుచెదరకుండా కనిపించాయట. ఏటా వసంతంలో అక్కడి వాళ్లు ఇప్పటికీ మొదటి చేప విందు చేసుకుంటారు. జలపాతం లేకపోయినా పండుగ మానలేదు.

దిగేటప్పుడు మా అమ్మాయి చెయ్యి పట్టుకుంది. “వచ్చే వేసవికి నేనొస్తాను. నీళ్లు తగ్గితే అమ్మమ్మనీ తీసుకుని వెళ్దాం. ఆ రోలు ఎక్కడుందో నువ్వు చూపించాలి” అంది.

మోకాళ్లు నొప్పెట్టాయి. అయినా, దారి పొడుగునా ఆ వాకిలి ఎటువైపో గుర్తు తెచ్చుకుంటూనే దిగాను.