ఆరోగ్య సిబ్బందికి మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ

శరీరంలోనూ మనసులోనూ ఈ క్షణం జరుగుతున్నదాన్ని, మంచిదని గానీ చెడ్డదని గానీ అనుకోకుండా గమనించే అలవాటే మైండ్‌ఫుల్‌నెస్. తెలుగులో ‘ఎరుక’ అన్న మాట దీనికి చక్కగా సరిపోతుంది. వైద్యులు, నర్సులు, క్షేత్రస్థాయి కార్యకర్తల్లో బర్న్‌అవుట్‌ను తగ్గించడానికి ఈ శిక్షణను ఉపయోగిస్తున్నారు.

బర్న్‌అవుట్ అన్న మాటను ఈ అర్థంలో 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ వాడుకలోకి తెచ్చాడు. దాన్ని కొలిచే ప్రశ్నావళిని క్రిస్టినా మాస్లాక్ 1981లో ప్రకటించింది. ఆమె చెప్పిన లక్షణాలు మూడు: మనసు పూర్తిగా అలిసిపోవడం, ఎదుటి మనిషిని ఒక కేసుగా చూడడం, చేసే పనికి విలువ లేదనిపించడం. ఒక రాత్రి నిద్రతో తీరే అలసట కాదిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణ దీన్ని జబ్బుగా లెక్కించలేదు. సరిగా సంబాళించని పని ఒత్తిడి వల్ల వచ్చే పరిణామంగా పేర్కొంది. అంటే మూలం మనిషిలో కంటే పనిలోనే ఎక్కువ.

ఆ పని ఎలా ఉంటుందో అనకాపల్లి జిల్లా రోలుగుంట మండలంలో చూడవచ్చు. చోడవరం నియోజకవర్గంలోని ఈ మండలంలో మైదాన గ్రామాలతో పాటు ఆర్ల పంచాయతీ కొండల మీద గిరిజన ఆవాసాలున్నాయి. రోడ్డు లేక గర్భిణులను, రోగులను డోలీలో మోసుకొచ్చిన సంఘటనలు అక్కడి నుంచి పలుమార్లు వార్తలకెక్కాయి. గర్భిణుల నమోదు, టీకాలు, జ్వరాల సర్వే, బీపీ–షుగరు పరీక్షలు, వీటన్నిటినీ మళ్లీ యాప్‌లో ఎక్కించడం గ్రామాల్లో ఏఎన్ఎం, ఆశా కార్యకర్తల మీదే పడుతుంది. నిబంధనల ప్రకారం ఉప కేంద్రానికి మైదానంలో 5,000 మంది, గిరిజన ప్రాంతంలో 3,000 మంది జనాభా. కొండ ఎక్కి దిగే దూరం మాత్రం ఈ లెక్కలో కనిపించదు.

శిక్షణకు నేటి రూపం ఇచ్చినవాడు జాన్ కబాట్-జిన్. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో ఆయన మొదలుపెట్టిన కార్యక్రమం 8 వారాలు సాగుతుంది. వారానికో తరగతి, రోజూ ఇంటి దగ్గర సాధన ఉంటాయి. శ్వాసను గమనించడం, కాలి వేళ్ల నుంచి తల దాకా శరీరాన్ని పరిశీలించడం, ఒక్క ఎండుద్రాక్షను నింపాదిగా నమిలి తినడం వంటివి ఇందులో అభ్యాసాలు. పద్ధతి అమెరికాదే గానీ, దీని మూలం బౌద్ధుల ‘సతి’, అంటే ఎరుక. బొజ్జన్నకొండ బౌద్ధారామం ఉన్న అనకాపల్లి జిల్లాకు అది బొత్తిగా పరాయిది కాదు.

2009లో వెలువడిన ఒక అధ్యయనంలో న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌లోని 70 మంది ప్రాథమిక వైద్యులు 8 వారాల శిక్షణ, ఆపై 10 నెలల కొనసాగింపు తరగతులు పొందారు. వారిలో బర్న్‌అవుట్ తగ్గింది, రోగి బాధను అర్థం చేసుకునే తీరు మెరుగుపడింది. అయితే పోల్చి చూడడానికి శిక్షణ లేని బృందం అందులో లేదు. వైద్యులపై జరిగిన పరిశోధనలను 2017లో కలిపి చూసినప్పుడు, వ్యక్తికి ఇచ్చే శిక్షణ కన్నా డ్యూటీ వేళలు, పనిభారం వంటివి సంస్థ మార్చినప్పుడే ఫలితం ఎక్కువగా కనిపించింది. ఖాళీ పోస్టులు నింపకుండా కళ్లు మూసుకుని కూర్చోమనడం గాయం కడగకుండా కట్టు కట్టడమే.

వారానికి రెండున్నర గంటల తరగతి ఆశా కార్యకర్తకు కుదిరే పని కాదు. పనిలోనే ఇమిడిపోయే చిన్న అభ్యాసాలు ఆమెకు నయం. చేతులు శుభ్రంగా కడుక్కోవడానికి 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. ఆ కాసేపు నీళ్ల స్పర్శ మీద, ఊపిరి మీద దృష్టి పెట్టడం అలాంటిదే. తీవ్రమైన కుంగుబాటు, చనిపోవాలన్న ఆలోచన ఉన్నవారికి మాత్రం ఈ సాధన చికిత్స కాదు. వారికి వైద్యుడి సాయం కావాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ ఉచిత ఫోను సేవ 14416 నంబరులో తెలుగులోనూ అందుతుంది.