నకలు నేర్పిన తైలవర్ణ విద్య

ఐరోపాలో తైలవర్ణ రూపచిత్రణ, అంటే అవిసె వంటి నూనెలో నూరిన రంగులతో మనిషి పోలికను కాన్వాసు మీదికి తెచ్చే విద్య, శతాబ్దాల పాటు పూర్వాచార్యుల చిత్రాలకు నకళ్లు తీయడం ద్వారా కూడా తరం నుంచి తరానికి అందింది. యాభై దాటి ఖండమంతటా పేరు పొందిన చిత్రకారుడు రూబెన్స్ సైతం 1628–29లో దౌత్యకార్యం మీద మాడ్రిడ్ వెళ్లినప్పుడు, స్పెయిన్ రాజు సేకరణలోని టిషియన్ చిత్రాలకు నకళ్లు తీశాడు. వాటిలో 'ఆదాము, అవ్వ' చిత్రంలో ఆదాము భంగిమను మార్చి, మూలంలో లేని చిలుకను చేర్చడం చూస్తే, ఆయనకు నకలు తీయడమంటే గురువుతో వాదానికి దిగడమేనని తోస్తుంది.

1793 ఆగస్టు 10న పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం తెరుచుకోవడంతో, అంతవరకు రాజమందిరాల్లో ఉన్న ఈ అవకాశం సామాన్య చిత్రకారులకూ దక్కింది. నకలు మూలచిత్రమంత కొలతలో ఉండరాదనీ, మూలకర్త సంతకాన్ని అందులో వేయరాదనీ అక్కడ నేటికీ నియమం ఉంది.

రఫాయెల్ 1514–15 ప్రాంతంలో వేసిన బాల్దస్సారె కాస్తిల్యోనె రూపచిత్రం అక్కడే ఉంది. నలుపు, బూడిద, తెలుపు వన్నెలే ప్రధానమైన ఆ చిత్రం ముందు నిలిచిన అభ్యాసికి మెరిసే రంగుల ఆసరా దొరకదు గనుక, వెలుగునీడల అంతరాలను కొలుచుకోవడం తప్పనిసరి అవుతుంది. పూర్తయిన చిత్రం తన నిర్మాణక్రమాన్ని దాచేస్తుంది. నకలు తీసేవారు దాన్ని ఊహలో పొరపొరగా విప్పుకొని, ముందు ఆకృతినీ నీడలనూ స్థిరపరిచే అడుగుపూత వేసి, వెలుగుపడే చోట్ల చిక్కని రంగు నిలిపి, చివరికి గ్లేజు, అంటే కింది రంగు కనిపించేలా వేసే పారదర్శకమైన పలుచటి పూత, పరచాలి. పైపొరలో నూనె కింది పొరలోకంటే ఎక్కువ ఉండాలి. లేకుంటే పైపొర ముందే ఆరి, కిందిది ఆరేసరికి బీటలు వారుతుంది.

లూవ్ర్ మ్యూజియం వల్ల ఎక్కువ మేలు పొందినవారు స్త్రీలేనని చెప్పడం న్యాయం. ప్రభుత్వ కళాశాల ఎకోల్ దె బోజార్ 1897 వరకు వారిని చేర్చుకోలేదు. చిత్రకారిణి బెర్త్ మొరిసో 1858 నుంచి లూవ్ర్‌లోనే నకళ్లు తీస్తూ నేర్చుకుంది, 1868లో ఆమెకు చిత్రకారుడు మానే పరిచయమైందీ ఇక్కడే. చర్చిలకోసం ఫ్రెంచి ప్రభుత్వం తెప్పించుకున్న నకళ్లను వేసి జీవనం సాగించిన స్త్రీలూ అనేకులున్నారు.