పెట్రోలును పీల్చుటా? నెట్టుటా?

ఖమ్మము నుండి తల్లాడ, కల్లూరు మీదుగా పెనుబల్లి, సత్తుపల్లి చేరు బాట మే నెలలో కాలిన పెనము వలె నుండును. ఆ ఎండలో పాత అంబాసిడరు కారు ఒక్కొక్కప్పుడు ఉన్నట్లుండి దగ్గి ఆగిపోయెడిది. ట్యాంకులో పెట్రోలుకు కొదువ లేదు; ప్లగ్గులలో నిప్పురవ్వయు సరిగానే వచ్చుచుండును. అనుభవముగల డ్రైవరు బానెటు ఎత్తి, పెట్రోలు పంపుమీద తడిగుడ్డ కప్పి, చెట్టునీడన కూర్చుండెడివాడు. కొంతసేపటికి కారు కదిలెడిది. ఇందులో మంత్రమేమియు లేదు.

తొలినాటి కార్లలో పెక్కింటికి పంపే లేదు. 1908లో వెలువడిన ఫోర్డు 'టి' కారులో ట్యాంకు సీటు క్రింద ఉండెడిది. పెట్రోలు తన బరువుచేతనే కార్బ్యురేటరులోనికి జారెడిది. నిటారైన మెట్ట ఎక్కునపుడు ఇంజను ట్యాంకుకన్న ఎత్తున పడి, పెట్రోలు అందకపోయెడిది. అందుచే డ్రైవర్లు కారును వెనుకకు త్రిప్పి, రివర్సు గేరులో మెట్ట ఎక్కెడివారు!

ట్యాంకు కారు వెనుకభాగమునకు మారిన పిదప పంపు తప్పనిసరి యైనది. 1920ల చివరినుండి ఇంజనే నడుపు పొరపంపు వాడుకలోనికి వచ్చెను. కామ్‌షాఫ్టుమీది ఉబ్బు ఒక మీటను కదపగా, పంపులోని పొర వంగి పెట్రోలును పీల్చును. స్ప్రింగు ఆ పొరను తిరిగి నెట్టును. అంబాసిడరులోనిది ఇట్టిదే. చదరపు సెంటీమీటరుకు పావు కిలోగ్రాము ఒత్తిడి కార్బ్యురేటరుకు చాలును.

లోపమంతయు పంపు ఉన్న చోటులోనే కలదు. అది వేడి ఇంజనును అంటుకొని ఉండి, ఎక్కడో వెనుకనున్న పెట్రోలును పీల్చవలెను. పీల్చినచోట ఒత్తిడి తగ్గును. ఒత్తిడి తగ్గిన ద్రవము తక్కువ వేడికే మరగును. కొండలమీద నీరు త్వరగా మరగుట విద్యార్థులకు తెలిసినదే. పెట్రోలులోని తేలికభాగములు సుమారు 40 డిగ్రీలకే మరగనారంభించును. పంపు ఆవిరితో నిండినచో, ఆ ఆవిరి ముడుచుకొనును, వ్యాకోచించును. అంతేకాని ముందుకు సాగదు. తడిగుడ్డ ఆ ఆవిరిని మరల ద్రవముగా మార్చెడిది.

పెట్రోలును ఇంజనులోనికి చిమ్ము పద్ధతి వచ్చి ఈ బాధను చాలవరకు తీర్చినది. 1954లో మెర్సిడెస్ 300 ఎస్.ఎల్. కారు యాంత్రికమైన చిమ్ముపంపుతో వచ్చెను. 1967లో బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ పద్ధతిని ఫోక్స్‌వాగన్ కార్లలో ప్రవేశపెట్టెను. మన దేశమున 2000 తరువాత పొగ నిబంధనలు బిగియుటతో ఇది కార్లలో వ్యాపించెను. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్.-6 నిబంధనలతో మోటారుసైకిళ్లకును ప్రాకెను. ఇందు విద్యుత్తు పంపు సాధారణముగ ట్యాంకులోనే మునిగియుండి పెట్రోలును నెట్టును. ఒత్తిడి సుమారు 3 కిలోగ్రాములు. ఆ ఒత్తిడిలో పెట్రోలు అంత సులభముగా మరగదు.

పాత కారుకు ఈ పద్ధతి అమర్చువారు పంపు ఎంత పెద్దదైన అంత మంచిదనుకొందురు. లెక్క అట్లు చెప్పదు. ఒక అశ్వశక్తికి గంటకు సుమారు పావు కిలోగ్రాము పెట్రోలు కావలెను. 50 అశ్వశక్తులకు పన్నెండున్నర కిలోలు, అనగా సుమారు 17 లీటర్లు. చిన్న కారు పంపు ఇంతకు ఎన్నో రెట్లు ఇచ్చును. మిగిలినది ట్యాంకునకు మరలి వచ్చును. మరీ పెద్ద పంపు పెట్రోలును ఊరక త్రిప్పి త్రిప్పి వేడెక్కించును.

చూడవలసినది వేరొకటి. పంపు ఇచ్చు పరిమాణము ఒత్తిడి పెరిగినకొలది తగ్గును, వోల్టేజి పడిపోయినకొలది తగ్గును. పాత కార్ల డైనమోలు ఇంజను మెల్లగా తిరుగునపుడు విద్యుత్తును చాలినంత ఇయ్యవు. తీగలు తుప్పుపట్టినచో, రాత్రి దీపములు వెలిగించి అడవిదారిన పోవునపుడే పంపు నీరసించును. కాబట్టి 3 కిలోగ్రాముల ఒత్తిడివద్ద, తగ్గిన వోల్టేజితో ఎన్ని లీటర్లు ఇచ్చునో అడిగి తెలిసికొనవలెను. పంపును చల్లబరచునది పెట్రోలే గనుక ట్యాంకును అడుగంటనీయరాదు. ట్యాంకు వెలుపల అమర్చునది ట్యాంకుకన్న పల్లమున ఉండవలెను, ఏలయన ఇట్టి పంపు నెట్టుటలో గట్టిది, పీల్చుటలో బలహీనము. పాత రబ్బరు గొట్టములు ఈ ఒత్తిడికి ఆగవు. వేడి ఇంజనుమీద పెట్రోలు చిమ్మినచో మంటలే.

మరియొక భేదము కలదు. పొరపంపు ఇంజనుతోపాటే ఆగెడిది. విద్యుత్తు పంపు అట్లు కాదు. కారు బోల్తాపడినను నడచుచునే యుండగలదు. అందుచే ఇంజను తిరుగుట ఆగిన ఒకటి రెండు సెకండ్లలో పంపునకు విద్యుత్తును త్రుంచు రిలేను తప్పక అమర్చుదురు.